పచ్చి సబ్బు

కాస్టిక్ సోడాను నీళ్ళలో వెయ్యాలి. నీళ్ళను తీసుకెళ్ళి కాస్టిక్ సోడా మీద పొయ్యకూడదు. పోస్తే ఒక్కసారిగా కుతకుతా ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. ఈ సంగతి మెస్సమ్మ పొద్దుటి నుంచి మరదలికి చెబుతూనే ఉంది. అన్నిసార్లు చెప్పనక్కరలేదు. మరదలు బట్టలు కుట్టే మనిషి, కొలత తప్పదు, చెయ్యి తొణకదు. అయినా లోపల బెదురు పుట్టినప్పుడు మెస్సమ్మ నోరు ఊరుకోదు.

ఆడపిల్లల హాస్టల్లో మెస్సు వంట ఆవిడదే కాబట్టి తను కాపురముండే మేడలో వాళ్ళందరికీ ఆవిడ మెస్సమ్మే. ఉండేది తమ్ముడింట్లో. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏడాది చివరి సెలవులకు మేడలో ఒకళ్ళకొకళ్ళు ఏదో ఒకటి ఇచ్చుకునే అలవాటు. ఈసారి కొనే బదులు సబ్బులు చేసి ఇద్దామన్నది మెస్సమ్మే. మెస్సులో వాడేసిన నూనె ఎలాగూ పారబోస్తారు. దాన్ని గుడ్డలో వడగట్టి, నీళ్ళు పోసి కాచి, పైకి తేరిన నూనె తీసుకుంటే వేపుడు వాసన చాలావరకు పోతుంది. మిగతాది నారింజ తొక్కల పొడి చూసుకుంటుంది.

వెనక బాల్కనీలో ఇద్దరూ ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. మెస్సమ్మ స్టీలు గిన్నెలోని సోడా నీళ్ళను సన్నగా వంపుతుంటే మరదలు కర్ర తెడ్డుతో నూనెను ఒకే వైపుకు తిప్పుతోంది. ఆమె మెడ పక్కన రెంచి తగిలిన చోటు నల్లగా ఉన్నది కాస్తా పచ్చబడింది. కదిలినప్పుడల్లా జాకెట్టు అంచు దానికి రాసుకుంటోంది. ఆమె పట్టించుకోవడం లేదు.

తెడ్డు ఎత్తి ధారగా వదిలితే అది పడిన చోట గీత పైన నిలబడాలి. అప్పుడు అచ్చుల్లో పొయ్యాలి. గీత ఇంకా నిలబడటం లేదు.

"సెలవులివ్వగానే పిల్లను తీసుకుని మా చెల్లెలింటికి పోతున్నా వదినా," అంది మరదలు. తిప్పడం ఆపలేదు. "మళ్ళీ రాను."

మెస్సమ్మ చేతిలో గిన్నె ఆగింది. ఈ మాట వినడం కొత్త కాదు. మొదటిసారి విన్న మర్నాడే ఆవిడ సబ్బుల సంగతి ఎత్తింది. సబ్బు అచ్చులోంచి తీసినా వెంటనే పనికిరాదు, వారాల తరబడి గాలికి ఎండాలి. ఈలోగా కోపాలు చల్లారతాయి, మనిషి మనసు మారుతుంది. ఇంట్లో ఒక పని నడుస్తుంటే దాన్ని సగంలో వదిలి ఎవరూ పోరని ఆవిడ నమ్మకం.

"ఇవన్నీ ఎండనీ. నలుగురికీ నీ చేత్తో ఇచ్చి, ఆ తర్వాత చూసుకుందువుగాని," అంది.

మరదలు తెడ్డు ఎత్తి చూసింది. గీత నిలబడింది. "ముందు చేసిన వాయిలే అందరికీ సరిపోతాయి. ఈ వాయి సెలవుల్లోపు ఎండదు కదా. ఇది ఎవరికి వదినా?"

మెస్సమ్మ అచ్చులు దగ్గరికి జరిపింది.

బీరువా మీద ఆరుతున్న మొదటి వాయిలోంచి ఒక ముక్క తీసి, తడి వేలితో రుద్ది, ఆ వేలిని నాలుక కొసకు ఆనించుకుంది. పచ్చి సబ్బయితే చురుక్కుమంటుంది, ఎండినదైతే ఉట్టి సబ్బు రుచే. బడి నుంచి వచ్చిన పిల్ల తనూ చూస్తానని నాలుక బయటపెట్టింది. ఆ పిల్లను అందరూ పిచ్చుక అంటారు, పుట్టినప్పుడు అంత చిన్నగా ఉండేది. పెద్దయ్యాక పెళ్ళివారికి నాలుక చూపిద్దువుగాని, ఇప్పుడు లోపల పెట్టమని మెస్సమ్మ కసిరితే అది పకపకా నవ్వింది. తల్లి కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి మెస్సమ్మ ప్రాణం కుదుటపడింది. నవ్వే మనుషులు ఎక్కడికి పోతారు?

తమ్ముడు దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. చెప్పులు విప్పుతూనే అతని కళ్ళు మూలనున్న పనిముట్ల పెట్టె మీద పడ్డాయి. దాని మీద సబ్బుల పళ్ళెం ఉంది. అతను పళ్ళేన్ని కాలితో తన్నాడు. ముక్కలు మంచం కిందికీ గుమ్మంలోకీ దొర్లిపోయాయి. మరదలు వాటిని ఏరడానికి వంగింది. అతను ఆమె జుట్టు చేతికి చుట్టుకుని పైకి లేపి, తలను గోడకేసి కొట్టాడు. కొబ్బరికాయ కొట్టినట్టు శబ్దం వచ్చింది. రెండోసారి కొట్టినప్పుడు ఆ శబ్దం అంత గట్టిగా రాలేదు, ఆమె చెయ్యి అడ్డుపెట్టుకుంది.

మెస్సమ్మ పిల్లను వంటింట్లోకి లాక్కుపోయి తలుపు వేసి కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళు గిన్నెలో పడి హోరెత్తాయి. అక్కడ ఆరబెట్టిన సబ్బుల అంచులు చెక్కమని పిల్ల చేతికి చెంచా ఇచ్చింది. పిచ్చుక ఒక్కో ముక్కనూ తిప్పి తిప్పి, మూలలు గుండ్రంగా వచ్చేలా గీకింది. గోడ అవతల ఏదో పడింది, ఇంకేదో పగిలింది.

"ఆగాడా అత్తా?"

"ఆగుతాడు. ఆ అంచు బాగా గీకు."

అతను మేడ దిగి వెళ్ళిన చప్పుడు విన్నాక మెస్సమ్మ తడిగుడ్డ, మందు పట్టుకుని వెళ్ళింది. మరదలు గోడకు చేరగిలబడి ఉంది. చెవి వెనక నుంచి రక్తం మెడ మీదికి కారింది. మెస్సమ్మ తుడిచింది, అద్దింది, ఊదింది. ఆ పనిలో ఆవిడ చెయ్యి తిరిగినదే.

"అతని పెట్టె మీద పెట్టకుండా ఉండాల్సింది," అంది మెల్లగా.

మరదలు కళ్ళు మూసుకునే ఉంది. "నేను పెట్టలేదు వదినా. నువ్వే పెట్టావు."

మర్నాడు తమ్ముడు ఎప్పటిలాగే మరో మనిషిలా లేచాడు. కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని గదంతా తిరిగాడు, లిఫ్టులా కిందికీ పైకీ దింపి లేపాడు. పగిలిన అద్దం పెంకులు తనే ఊడ్చాడు. మరదలు వాకిట్లో కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో లంగాకు అంచు వేస్తోంది. తలకు గుడ్డ కట్టుకుంది. మూడో అంతస్తు ఆవిడ బట్టలకోసం వచ్చి ఏమైందని అడిగితే, మరదలి కంటే ముందు మెస్సమ్మే అందుకుని, బాల్కనీలో జారిందమ్మా, నూనె ఒలికింది అని చెప్పింది. మరదలు మిషను తొక్కుతూనే ఉంది.

తమ్ముడూ తనూ పనికి కలిసే బయల్దేరతారు. మెట్ల మలుపులో అతను సంచి సర్దుకోవడానికి ఆగినప్పుడు మెస్సమ్మ ధైర్యం కూడదీసుకుంది. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాట అది. తనకు ఏది భయమో వాడికీ అదే భయమై ఉంటుందని ఆవిడ అనుకుంది. ఒకే కడుపున పుట్టిన వాళ్ళు కదా.

"కాస్త చూసి మసులుకోరా. సెలవులకి అది వెళ్ళిపోతానంటోంది. పిల్లను కూడా తీసుకుని. మళ్ళీ రానంటోంది."

అతను స్క్రూడ్రైవరును చొక్కాకు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. ముఖంలో ఏమీ మారలేదు. "అలాగా," అన్నాడు. రెండు మెట్లు దిగి వెనక్కి చూశాడు. "మంచి పని చేశావక్కా చెప్పి."

ఆ రోజంతా మెస్సమ్మ తేలిగ్గా తిరిగింది. హాస్టల్లో ఆఖరి భోజనాలు. పిల్లలు పెట్టెలు దొర్లించుకుంటూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోతున్నారు. ప్రతి సెలవులకీ ఆవిడది ఇదే తంతు. దారిలో తినడానికి పొట్లం కట్టి ఇవ్వడం, గేటు దాకా వెళ్ళడం, కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం. కొద్దిరోజుల్లో వచ్చేస్తారని తెలిసినా అంతే. వెళ్ళే మనిషి వీపు చూడటం ఆవిడ వల్ల కాదు. ఒక పొడుగుపిల్ల ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "నువ్విలా కూర గిన్నె దగ్గర నిలబడి ఏడుస్తావనే మన మెస్సులో ఉప్పు ఎక్కువవుతుంది మెస్సమ్మా," అంది. ఆవిడ ఏడుస్తూనే నవ్వి, ఆ పిల్ల వీపు మీద ఒకటి వేసింది.

మెస్సు మూసేముందు డబ్బాలో మిగిలిన నూనెంతా ఇంటికి తెచ్చుకుంది. ఇంకొక వాయి అవుతుంది.

ఆ వాయి అవసరం లేదని మర్నాడు పొద్దున మరదలు ఒకసారి అంది, అంతకంటే వాదించలేదు. వడగట్టిన నూనె వేడి చేసింది. అంతకుముందే చెల్లెలికి ఫోను చేసి రమ్మంది. ఆ సంగతి వదినకు దాచనూ లేదు. పిచ్చుక బట్టలు రెండు జతలు ఉతికి తీగె మీద వేసింది. ఎండిన సబ్బులను పాత చీర ముక్కల్లో చుట్టి, దారంతో ముడివేసి, ఎవరివి వాళ్ళకు పక్కన పెట్టింది. బడి టీచరుకు అన్నిటికంటే నున్నటిది. ఇస్త్రీ అతనికి పెద్దది. కింద వాచ్‌మన్‌కు రెండు, ఆయన చేతులకు ఎప్పుడూ మట్టే.

మెస్సమ్మ తెడ్డు తిప్పుతూ ఆ తీగె వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. గీత నిలబడింది. ఇద్దరూ కలిసి పళ్ళెంలో పోశారు. గంజిలా చిక్కగా, పాల మీగడ రంగులో, ఇంకా వెచ్చగా ఉంది. సోడా అందులో పూర్తిగా బతికే ఉంది. ఒక చుక్క మెస్సమ్మ మణికట్టు మీద పడితే నిప్పురవ్వ పడ్డట్టయింది. బాల్కనీ కుళాయి సన్నగా తిప్పి దాని కింద చెయ్యి పెట్టింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. మధ్యాహ్నం అతను ఇంటికి రావడం ఎప్పుడూ లేదు.

అతను తిన్నగా బాల్కనీలోకి నడిచి తీగె మీది పిల్ల బట్టలు చూశాడు. ఒక గౌనును వేళ్ళతో పట్టుకుని, ఆరిందా లేదా అన్నట్టు నలిపాడు. తర్వాత మరదలి వైపు తిరిగాడు.

"ఎక్కడికో పోతున్నావంట?"

మరదలు చేతి తొడుగులు విప్పుతూ ఆగింది. భర్తను కాదు, వదినను చూసింది. ఒక్క క్షణమే చూసింది. మెస్సమ్మ తల దించుకుంది.

"అవును. పోతున్నాను," అంది మరదలు.

ఆ మాట అలా నేరుగా వస్తుందని అతను అనుకోలేదు. తడబడాలి, కాళ్ళు పట్టుకోవాలి. మొదటి దెబ్బ చెంప మీద, రెండోది కడుపులో. ఆమె వంగిపోతే జుట్టు పట్టి మోకాళ్ళ మీద కూలేశాడు. ఈసారి ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తల ఎత్తి మళ్ళీ అంది, "పోతాను." నోట్లో రక్తంతోనే అంది.

"నోరు లేస్తోందే నీకు," అన్నాడు. పక్కనున్న పళ్ళెంలో చెయ్యి ముంచి గుప్పెడు తీశాడు. ఎడమచేత్తో దవడ రెండు వైపులా నొక్కి పళ్ళు విడదీసి, ఆ గుప్పెడూ ఆమె నోట్లో కుక్కి, అరచేత్తో మూశాడు. ఆమె కాళ్ళు నేలకేసి కొట్టుకున్నాయి. తెడ్డు ఎగిరిపడింది. ముక్కులోంచి నురగ వచ్చింది. అతని కళ్ళు ఏదో బిగిసిపోయిన మర తిప్పుతున్నప్పుడు ఉన్నట్టే ఉన్నాయి.

మెస్సమ్మ కుళాయి దగ్గరే ఉంది. ఈసారి అడ్డం తలుపు లేదు, నీళ్ళ హోరు లేదు. "ఒరేయ్" అన్న మాట గొంతులోంచి వచ్చిందో లేదో ఆవిడకే తెలియదు. బకెట్టు ఎత్తి ఇద్దరి మీదా గుమ్మరించింది. అప్పటికే అతను గట్టిగా అరిచి చెయ్యి లాక్కున్నాడు. ఆమె కొరికింది, దానికితోడు సోడా మండించింది.

మెస్సమ్మ మరదలి ముఖం పక్కకు తిప్పి నోట్లో వేళ్ళు పెట్టి సబ్బును గీకి తీసింది. నీళ్ళు పోసింది, పుక్కిలించమంది, మళ్ళీ పోసింది. మరదలు పుక్కిలించలేకపోయింది. పెదవుల లోపల చర్మం కాగిన పాల మీగడలా తెల్లగా లేచి వచ్చింది. ఆ రోజు ఒంటిపూట బడి. గుమ్మంలో పిచ్చుక బడి సంచితో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నిద్ర లేనట్టుంది. మరదలిని లోపల మంచం మీద పడుకోబెట్టి, నోట్లోకి దీపం వేసి చూసి, ఏమైందని అడిగింది. మరదలు మాట్లాడలేకపోయింది. నాలుక వాచి నోరంతా నిండిపోయింది. వెంట వచ్చినవాళ్ళలో తమ్ముడు గుమ్మం దగ్గరే ఆగి అక్క వైపు చూశాడు. ఆ చూపు మెస్సమ్మకు చిన్నప్పటి నుంచి తెలుసు.

ఆవిడ చెప్పేసింది. చాలా బాగా చెప్పింది. ఇంట్లో సబ్బులు చేస్తున్నాం, ఎండిందో పచ్చిదో నాలుకకు తాకించి చూడటం ఆ పనిలో అలవాటు, ఈమె ఎండినదనుకుని పచ్చిది నోట్లో పెట్టుకుంది, కంగారులో నేల మీద జారిపడింది. అందులో సగం నిజమే కాబట్టి అబద్ధం ఎక్కడా తడబడలేదు. డాక్టరమ్మ దవడల మీద కందిన వేలిముద్రలు చూసింది. మెస్సమ్మనూ చూసింది. బయట కూర్చోమంది. వెళ్తూ వెళ్తూ మెస్సమ్మ వెనక్కి తిరిగింది. మరదలు కప్పు వైపు చూస్తోంది. ఆ కళ్ళల్లో కోపం ఉంటే మెస్సమ్మ తట్టుకునేది. అక్కడ ఏమీ లేదు. ఇలాగే చెబుతుందని ఆమెకు ముందే తెలుసు.

వరండాలో బల్ల మీద అక్కా తమ్ముడూ పక్కపక్కన కూర్చున్నారు. అవతలి బల్ల మీద పిచ్చుక సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిలిచినా రాలేదు. తమ్ముడికి భయం తగ్గింది. కాళ్ళు చాపుకున్నాడు. టీ తాగుతావా అక్కా అని అడిగాడు. అది నోరు అదుపులో పెట్టుకుంటే ఇంత దూరం వచ్చేదా అన్నాడు. ఈ దెబ్బకు ఇంక ఎక్కడికీ పోదులే అన్నాడు. చివరికి కుడి అరచెయ్యి ఆవిడ ముందు చాపాడు. "చూడు, నాకూ కాలింది. మండిపోతోంది. కాస్త ఊదు."

మెస్సమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు తను అన్నం ముద్దలు పెట్టిన చెయ్యే. అరచెయ్యి ఎర్రగా పొంగి ఉంది. బొటనవేలి కింది కండ మీద పైపళ్ళ వరసా కిందిపళ్ళ వరసా అచ్చు గుద్దినట్టు దిగాయి. ఒక పన్ను దగ్గర కాస్త లోతుగా ఉంది. ఊదడానికి ఆవిడ పెదవులు ముందుకు వచ్చాయి.

"నువ్వున్నంత కాలం నాకేం భయం లేదక్కా," అన్నాడు తమ్ముడు.

ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమ విని మెస్సమ్మ ఊపిరి లోపలే ఆగిపోయింది. కుళాయి తిప్పిన చెయ్యి తనది. జారిందమ్మా అన్న నోరు తనది. మెట్ల మలుపులో ఆ మాట అందించిందీ తనే. వాడు ఒక్కడే కొట్టలేదు. అతని చేతిని అతని ఒళ్ళో పెట్టి లేచింది.

"ఎక్కడికి?"

ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. డాక్టరమ్మ తల ఎత్తింది.

"ఇందాక చెప్పింది అబద్ధమమ్మా," అంది మెస్సమ్మ. "అది తనంతట తాను నోట్లో పెట్టుకోలేదు. నా తమ్ముడు కుక్కాడు. దవడ పట్టుకుని కుక్కాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. మొన్న గోడకేసి కొట్టిందీ వాడే. అంతకుముందు రెంచితో కొట్టిందీ వాడే. పంటిగాట్లు వాడి చేతిమీద ఉన్నాయి, పిలిచి చూడండి."

చెబుతున్నంతసేపూ ఆవిడ మంచం వైపు చూడలేదు. చూస్తే ఆ కళ్ళల్లో ఏదైనా ఉందేమోనని ఆశ పుడుతుందని భయం.

డాక్టరమ్మ కబురు పెడితే పోలీసులు ఇద్దరు వచ్చి అతని చెయ్యి తిప్పి చూస్తుంటే తమ్ముడికి అర్థమైంది. మొదట నవ్వాడు. తర్వాత అక్క ముందుకు వచ్చి నిలబడి ఏం చెప్పావని అడిగాడు. చూసింది చెప్పానంది ఆవిడ. అతను కాలిన చేత్తోనే కొట్టాడు. ఆవిడ బల్లకు తగిలి కింద పడింది. చెవిలో కీచుమని ఒకటే మోత. వరండాలో జనం లేచి నిలబడ్డారు. ఒక ఆయా అతని చొక్కా వెనక నుంచి పట్టుకుంది. పోలీసులు అతన్ని గోడకు నొక్కి పట్టారు. అంతసేపూ అతను తిట్టలేదు. నువ్వేనా అక్కా, నువ్వేనా అని ఒకటే అంటున్నాడు.

వాడు తనను ఎన్నడూ కొట్టలేదని మెస్సమ్మ ఇన్నాళ్ళూ లోలోపల మురిసేది. నేల మీద కూర్చుని చెంప తడుముకుంటుంటే తెలిసింది. ఇన్నాళ్ళూ వాడి చేతికి ఇంకొకరు దగ్గరగా దొరికారు, అంతే.

మరదలి చెల్లెలు సాయంత్రానికి ఒక వ్యాను మాట్లాడుకుని వచ్చింది. పెద్ద ఆస్పత్రి ఆమె ఉండే చోటే ఉంది, గొంతు అక్కడ చూపించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ చెల్లెలు మెస్సమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. మెస్సమ్మ ఇంటికి వెళ్ళి తీగె మీది గౌనులు మడిచి తెచ్చింది. మరదలి దిండు తెచ్చింది. చల్లార్చిన పాలు సీసాలో పోసి తెచ్చింది. ఆమె తాగే స్థితిలో లేదని ఆస్పత్రి మెట్లెక్కుతుండగా గుర్తొచ్చింది. అయినా సీసా పట్టుకునే ఉంది.

మరదలిని వెనక సీట్లో పడుకున్నట్టుగా కూర్చోబెట్టారు. ముఖం సగం కట్టు కింద ఉంది. మెస్సమ్మ దిండు ఆమె నడుం వెనక దోపింది. మరదలు కాస్త ముందుకు వంగి చోటిచ్చింది, అంతకంటే ఏమీ లేదు. ఆవిడ వైపు చూడలేదు. చూడమని అడిగే నోరు మెస్సమ్మకూ లేదు. పాల సీసా పిచ్చుకకు ఇచ్చింది.

బండి స్టార్టయింది. తలుపు సరిగా పడలేదు. లోపలి నుంచి చెల్లెలు లాగింది, పడలేదు. డ్రైవరు వెనక్కి తిరిగి, ఆ తలుపు మొరాయిస్తుంది, బయటినుంచి గట్టిగా వేస్తే తప్ప పడదు, కాస్త వెయ్యండమ్మా అన్నాడు.

మెస్సమ్మ పిడి పట్టుకుంది. జీవితంలో ఆవిడ ఎన్ని బళ్ళ తలుపులు పట్టుకుందో, అన్నీ వెయ్యనివ్వకుండా పట్టుకున్నవే. ఇంకొక్క మాట, ఇంకొక్క పొట్లం, చేరగానే కబురు చెయ్యి. ఇప్పుడు ఆ మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

పిచ్చుక సీసాను ఒళ్ళో పెట్టుకుని, తలుపు అంచు మీద చెయ్యి వేసి బయటికి వంగింది. "నువ్వెక్కవా అత్తా?"

"చేతులు లోపల పెట్టుకో తల్లీ," అంది మెస్సమ్మ. "తలుపు వేస్తున్నా."

పిల్ల చెయ్యి తీసింది. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి, తన బలమంతా పెట్టి తలుపు వేసింది.